సరకు మనది, తాళము పరులది

బాలానగరు పారిశ్రామిక వాడలోనో, విజయవాడ ఆటోనగరులోనో, అద్దె షెడ్డులో నడచుచుండిన చిన్న కార్ఖానా యొకటి మూతపడినదనుకొందము. కార్ఖానాదారు అప్పు తీర్పలేకపోగా బ్యాంకువారు వచ్చి, పంచనామా వ్రాసి, యంత్రములకు సీలు వేసి, కొన్ని నెలలు గడచిన పిమ్మట వానిని వేలము వేసిరి. తెనాలినుండి యొక లేతు పనివాడు, ఇరువదియేండ్లు ఒకరి కొలువులో చేతులు కాల్చుకొని కూడబెట్టిన సొమ్ముతో, రెండు లేతు మిషన్లను ఒక డ్రిల్లింగు మిషనును పాడుకొని, పైకమంతయు కట్టి, విక్రయ ధ్రువపత్రము జేబులో పెట్టుకొని, లారీని క్రేనును కుదుర్చుకొని ఆ షెడ్డు ముంగిట దిగెను. గేటునకు రెండు తాళములున్నవి. ఒకటి దుమ్ముపట్టిన బ్యాంకు తాళము. రెండవది నిగనిగలాడుచున్న క్రొత్త తాళము. దాని చెవి గల పెద్దమనిషి ఎదురింటి అరుగుమీద కూర్చుండి యున్నాడు.

“మిషన్లు మీవేనండీ, నేను కాదనటం లేదు. గేటు నాది. పద్నాలుగు నెలల అద్దె రావాలి నాకు. అది ఎవరిస్తారో తేల్చుకుని రండి.”

“అద్దె నేను బాకీ లేను గదండీ.”

“లేరు. బ్యాంకువాళ్లూ మేం లేమంటున్నారు. ఆ కంపెనీ ఆయన ఫోనే ఎత్తడు. మరి నేనెవర్ని అడగాలో మీరే చెప్పండి.”

క్రేను అద్దె గంటల లెక్కన పెరుగుచుండును. ఠాణాకు పోయినచో “ఇది సివిలు తగాదా, కోర్టుకు వెళ్లండి” అని పంపివేయుదురు. బ్యాంకు శాఖకు పోయినచో, “ఉన్నది ఉన్నట్లు, ఉన్నచోటనే” అమ్మితిమని ప్రకటనలోని షరతును చూపుదురు. ఇది కల్పించిన సన్నివేశమే యైనను, పాత యంత్రముల వ్యాపారములో తిరుగువారికి ఇందలి పాత్రలన్నియు చిరపరిచితములే.

ఈ చిక్కునకు మూలము, మనము నిత్యవ్యవహారములో ఒక్కటిగా భావించు రెండు హక్కులు చట్టదృష్టిలో వేరువేరుగా నుండుటయే. వస్తువునకు యజమాని యగుట ఒకటి. ఆ వస్తువున్న చోటికి పోగలుగుట మరియొకటి. అంగడిలో కుండ కొన్నవానికి ఈ భేదము గోచరింపదు, ఏలనన కుండను చేతబట్టుకొనియే పైకమిచ్చును. కాని నాలుగైదు టన్నుల యినుమును, నేలలో బోల్టులతో బిగించినదానిని, ఊరుగాని ఊరిలో, మొగమెరుగనివాని గోడల నడుమ నున్నదానిని కొన్నవానికి మొట్టమొదట ఎదురగునది ఈ భేదమే.

స్వామ్యము సంగతి తేలికగనే తేలిపోవును. 1930 నాటి సరకుల విక్రయ చట్టము 64వ సెక్షను ప్రకారము, వేలము వేయువాడు సుత్తి కొట్టియో, వాడుకలోనున్న మరియొక రీతినో ముగింపు ప్రకటించినప్పుడు విక్రయము పూర్తియగును. (మన వేలము అను మాటయు, హిందీవారి నీలాము అను మాటయు పోర్చుగీసు వర్తకుల నోటినుండి వచ్చినవని పండితులు చెప్పుదురు; రేవులలో సుత్తిదెబ్బ మ్రోగిన ఆ కాలమునుండి నేటి కంప్యూటరు తెరమీది పాట వరకు మారినది చప్పుడే.) బ్యాంకులు 2002 నాటి సర్ఫేసీ చట్టము క్రింద వేయు వేలములలో, ఆ చట్టముననుసరించి చేసిన నియమావళి 7వ నియమము ప్రకారము, పూర్తి పైకము ముట్టిన పిమ్మట అధీకృత అధికారి చరాస్తుల పట్టికతోను, వెలతోను, కొనినవాని పేరుతోను విక్రయ ధ్రువపత్రమీయవలెను. అది స్వామ్యమునకు ప్రాథమిక సాక్ష్యము. కావున మన తెనాలి పనివాని జేబులోని కాగితము చిత్తుకాగితము కాదు. ఆ మిషన్లు వానివే. అరుగుమీది పెద్దమనిషియు ఆ మాట ఒప్పుకొనియేయున్నాడు.

అయిన, అద్దె బకాయికై ఆ పెద్దమనిషి మిషన్లను నిలిపి యుంచవచ్చునా? మన ప్రజలలో నూటికి తొంబదిమంది “ఉంచవచ్చును” అనియే చెప్పుదురు. ఈ నమ్మకము నిరాధారముగా పుట్టినది కాదు. ఆంగ్లదేశమున అద్దె చెల్లింపని వాని యింటిలోని సామానును ఇంటి యజమాని కోర్టు గడప త్రొక్కకుండగనే జప్తు చేసికొను పద్ధతి శతాబ్దములపాటు సాగినది. అందులో ఇతరుల సామాను కూడ చిక్కుకొనుచుండగా, వారిని రక్షించుటకు 1908లో ప్రత్యేకముగా నొక శాసనము చేయవలసివచ్చెను. అదే 1908లో మన చెన్నపురి రాజధానిలో వచ్చిన ఎస్టేట్సు ల్యాండు ఆక్టు సహితము, శిస్తు బకాయికై రైతుపంటను జప్తుచేయు అధికారమును భూస్వాములకు ఉంచినది. కళ్లములో రాశిపై ముద్రవేసి నిలిపిన జమీందారు పరివారము కథలు మన తాతల నోట వినినవారమే. జమీలు 1948 నాటి రద్దు చట్టముతో పోయినవి. ఆంగ్లదేశమున ఆ పాత జప్తుపద్ధతి 2014 ఏప్రిలు 6వ తేదీతో అంతరించి, వ్యాపారస్థలముల అద్దెకు మాత్రము పరిమితమైన క్రొత్త విధానమొకటి దాని స్థానమున వచ్చినది. అధికారములు పోయినవి గాని, “నా గోడలలోపల నున్నది నా బాకీకి తాకట్టు” అను తలంపు మాత్రము మన ఊళ్లలో నిలిచియే యున్నది.

మన 1872 నాటి ఒప్పందముల చట్టము ఈ తలంపును సమర్థింపదు. రావలసిన మొత్తము లెక్క తేలువరకు తన చేతిలోని పరుల సరకును పట్టియుంచుకొను సామాన్య హక్కును ఆ చట్టము 171వ సెక్షను ఎవరెవరికి ఇచ్చినదో చూడుడు: బ్యాంకర్లు, దళారీ వ్యాపారులు, రేవుగిడ్డంగులవారు, హైకోర్టు అటార్నీలు, బీమా పాలసీల దళారులు. తక్కినవారికి ఒడంబడికలో స్పష్టముగా వ్రాసికొన్ననే యుండును. ఈ పట్టికలో ఇంటి యజమాని లేడు. పైగా తెనాలివాడు అద్దెదారు కానేకాడు. అద్దెదారు బాకీకి వాని సొత్తును పట్టుట, అన్న చేసిన అప్పునకు ప్రక్కయింటివాని ఎద్దును తోలుకొనిపోవుటయే.

ఇంతవరకు చదివి, “అట్లయిన తాళము పగులగొట్టి తెచ్చుకొనవచ్చును గదా” అను చదువరి యుండవచ్చును. ఇచ్చట కాలు కొంచెము ఆనించి నడువవలెను.

ఆంగ్ల న్యాయస్థానములో 1839లో తీర్మానమైన వుడ్, మాన్లీల వ్యాజ్యమొకటి న్యాయవాద విద్యార్థులందరు చదువుకొందురు. అద్దె బకాయి క్రింద జప్తైన ఎండుగడ్డిని, అది యున్న పొలములోనే, కొనినవాడు తనకు వీలైనప్పుడు వచ్చి తోలుకొనిపోవచ్చునను షరతుతో వేలము వేసిరి. పొలములోని వాడు ఆ షరతునకు సమ్మతించి, పాట ముగిసిన పిమ్మట గేటునకు తాళము వేసెను. కొనినవాడు గేటు పగులగొట్టి గడ్డి తోలుకొనిపోయెను. మొదటివాడు దావా వేసెను. సరకుపై హక్కుతో ముడివడిన ప్రవేశానుమతిని మధ్యలో ఉపసంహరించుకొనుటకు వీలులేదని న్యాయమూర్తులు కొనినవానిని నిర్దోషిగా తీర్మానించిరి. ఈ న్యాయమే మన 1882 నాటి ఈజుమెంట్ల చట్టములోను కనుపించును. ఒక హక్కును అనుభవించుటకు అవసరమైన అనుమతులన్నియు ఆ హక్కులోనే ఇమిడియున్నవని దాని 55వ సెక్షను చెప్పి, ఉదాహరణగా, తన నేలలోని చెట్లను అమ్మినవాని నేలలోనికి కొనినవాడు పోయి ఆ చెట్లను తెచ్చుకొనవచ్చునని వివరించుచున్నది. ఆస్తి బదలాయింపుతో కూడిన అనుమతి రద్దుచేయ వీలుకానిదని 60వ సెక్షను చెప్పుచున్నది.

ఇది వినుట కింపుగనే యున్నది. కాని ఈ రెంటిలోను అనుమతి నిచ్చిన వాడెవడు? ఎండుగడ్డి వ్యాజ్యములో పొలములోనివాడే షరతునకు ఒప్పుకొనెను; చెట్ల ఉదాహరణములో నేల గలవాడే అమ్మెను. మన కథలోని పెద్దమనిషి దేనినీ అమ్మలేదు, దేనికిని సమ్మతింపలేదు. కౌలు నడచుచున్నంతకాలము అద్దెదారు తన హక్కు మేరకు ఇతరులను లోనికి రానీయగలడు, బ్యాంకును ఆ ద్వారముననే ప్రవేశింపగలదు. కౌలు ముగిసి షెడ్డు తిరిగి యజమాని చేతికి వచ్చిన పిమ్మట, తనకు లేని ప్రవేశహక్కును బ్యాంకు మరియొకనికి అమ్మజాలదు. ఇక తాళము పగులగొట్టి చొరబడినవానిపై భారతీయ న్యాయ సంహిత 329వ సెక్షను క్రింద అక్రమ ప్రవేశమని ఫిర్యాదు చేయుటకు ఎదుటివానికి అవకాశము కలుగును. నేరము నిలుచునా, నిలువదా అనునది తరువాతి మాట. న్యాయము తన ప్రక్కనున్నవాడు నిందితుడై నిలబడుట మొదటి మాట. తాళముమీద చేయివేయవలదనియే నా నిశ్చితాభిప్రాయము.

పెద్దమనిషికి చదువుకొన్న అల్లుడెవడైన నుండినచో మరియొక వాదము లేవదీయును: “మిషన్లు కాంక్రీటు దిమ్మెలో బిగించి యున్నవి, భూమితో కలిసిపోయినవి షెడ్డుతో పాటు మావే” యని. మన తెలుగునేల మీది వ్యాజ్యమొకటి దీనికి చక్కని సమాధానము చెప్పినది. సిర్పూరు కాగితపు మిల్లువారికిని హైదరాబాదు ఎక్సైజు అధికారులకును నడచిన వివాదములో, పన్ను తప్పించుకొనుటకై మిల్లువారే తమ కాగితపు యంత్రము నేలలో పాతుకొన్న స్థిరాస్తి యని వాదించిరి. 1998 నాటి తీర్పుల సంపుటములలో వెలువడిన నిర్ణయములో సుప్రీముకోర్టు ఆ వాదమును త్రోసిపుచ్చి, యంత్రము అదరకుండ నడచుటకై దిమ్మెకు బిగించినంత మాత్రమున, విప్పి అమ్ముటకు వీలైన యంత్రము స్థిరాస్తి కాజాలదని చెప్పెను. అయితే రెండేండ్లు గడవకముందే, డంకన్సు పరిశ్రమల వ్యాజ్యములో, శాశ్వతముగా నిలుపు నుద్దేశముతో కట్టిన ఎరువుల కర్మాగారపు యంత్రసముదాయమును అదే న్యాయస్థానము స్థిరాస్తిగా లెక్కించినది. లేతు మిషను మొదటి తెగకు చెందును; అందు సందేహము లేదు. పెద్ద బాయిలరును, గోడలతో కలిపి కట్టిన కొలిమిని కొనువారు మాత్రము ముందుగనే న్యాయవాదిని కలియుట మేలు. అద్దెదారు తాను బిగించుకొన్నవానిని, షెడ్డు తన స్వాధీనములో నున్నంతకాలము మాత్రమే, చోటును యథాస్థితికి తెచ్చుటకు లోబడి, విప్పుకొనవచ్చునని 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టము 108వ సెక్షనులో నున్నది. కౌలు జీవించియుండగనే సామాను తరలించుట ఎందుకు మేలో దీనినిబట్టి తెలియును.

తలుపు తెరిపింపవలసిన భారము, నా దృష్టిలో, అమ్మినవానిది. సరకును అప్పగించుట అమ్మువాని విధి యని సరకుల విక్రయ చట్టము 31వ సెక్షను చెప్పుచున్నది. అమ్మునాటికి సరకు మూడవవాని చేతిలో నున్నచో, ఆ మూడవవాడు కొనినవానితో “ఇది మీ తరఫున ఉంచుకొనుచున్నాను” అని ఒప్పుకొనువరకు అప్పగింత జరిగినట్లే కాదని 36వ సెక్షను చెప్పుచున్నది. “ఉన్నది ఉన్నట్లు, ఉన్నచోటనే” అను షరతు తుప్పునకును, విరిగిన పండ్లచక్రమునకును, రవాణా ఖర్చునకును వర్తించునని ఒప్పుకొందును. అమ్మినవాడు అప్పగింపకయే చేతులు దులుపుకొనుటకు అది ముసుగు కారాదు. బ్యాంకునకు సాధనమును లేకపోలేదు. సర్ఫేసీ చట్టము 14వ సెక్షను ప్రకారము, తనఖా ఆస్తిని స్వాధీనపరచుకొనుటకుగాని, అమ్మి బదలాయించుటకుగాని సహాయమునకై జిల్లా మేజిస్ట్రేటును అర్థింపవచ్చును. ఆయన ముప్పది దినములలో, కారణములు వ్రాసి పొడిగించినను మొత్తముమీద అరువది దినములలో, ఉత్తరువు చేయవలెనని 2016 సవరణ గడువు పెట్టినది. ఈ అర్జీ బ్యాంకు మాత్రమే పెట్టగలదు, కొనినవాడు పెట్టజాలడు. అందుకే శాఖలో బల్లకీవల నిలుచుండి బ్రతిమాలుకొనుట కంటె, ఆ సెక్షనును పేర్కొని వ్రాతపూర్వకముగా కోరుట ఎక్కువ పనిచేయును. కోర్టు వేలములలోనైన పద్ధతి వేరు. అమీను స్వయముగా పట్టిన సరకు కొనినవానికి అప్పగింపబడును, పరుల స్వాధీనములో నున్న సరకైనచో, కొనినవానికి తప్ప ఇతరుల కీయరాదని వారికి నోటీసిచ్చుటయే అప్పగింత యగును.

దివాలా చట్టము క్రింద మూతపడిన కంపెనీ సామానైనచో, పెద్దమనిషి ఎదుట బ్యాంకునకు బదులు లిక్విడేటరు నిలుచును. పరిష్కార ప్రక్రియ నడచుచున్న కాలములో, కంపెనీ స్వాధీనములోనున్న అద్దెచోటును యజమాని తిరిగి తీసికొనకుండ 2016 నాటి ఆ చట్టము 14వ సెక్షను అడ్డుకొనును. దానికి ప్రతిగా ఆ కాలపు అద్దె ప్రక్రియ ఖర్చులలో చేరి, పంపకములో మొదటి వరుసలో చెల్లును. పాత బకాయి మాత్రము ఇతర ఋణదాతల నడుమ తన వంతుకై వేచియుండవలసినదే. చిక్కు వచ్చినచో అర్జీ పెట్టుకొనవలసినది జాతీయ కంపెనీ లా ట్రిబ్యునలులో.

ఇంతదూరము పెద్దమనిషిని ప్రతివాదిగ నిలిపి మాటలాడితిమి గాని, ఆయన పక్షమున ఒక్క మాటయైన చెప్పకుండుట అన్యాయము. ఉద్యోగ విరమణ సొమ్ముతో షెడ్డు కట్టించి, దానిమీది అద్దెతో ఇల్లు గడుపుకొనువారు ఈ వాడలలో పలువురున్నారు. కార్ఖానాదారు ముఖము చాటువేసెను. బ్యాంకువారు సీలువేసి, ఆయన కట్టడమును దమ్మిడీ యద్దె లేని గిడ్డంగిగ వాడుకొనిరి. ఇంకొకనికి అద్దెకిచ్చుటకును వీలులేదు. తాళము వేయుట తప్పే. కాని అంతవరకు ఆయన ఉత్తరములకు ఎవ్వరును ప్రత్యుత్తరమీయలేదు. తాళము వేసిన మరునాడు అందరును ఆయన అరుగునకు వచ్చిరి! బ్యాంకు సీలువేసిన నాటినుండి సామాను తరలునంతవరకు గల కాలమునకు, న్యాయమైన వాడుక రుసుమును అమ్మకపు సొమ్ములోనుండి చెల్లించుట ధర్మమని నా అభిప్రాయము. ఆచరణలో అధికభాగము తగవులు తెగునదియు ఇట్టి రాజీతోనే.

రాజీ కుదురులోపల కొనినవాడు చేయవలసినవి కొన్ని గలవు. గేటు దగ్గరికి ఇద్దరు సాక్షులతో పోయి, ఫోటోలు తీసి, ఆ దినముననే బ్యాంకునకును షెడ్డు యజమానికిని రిజిస్టరు ఉత్తరములు వ్రాయవలెను. తొందర ఎందులకనగా, వేలపు షరతులలో ఇన్ని దినములలో సామాను ఎత్తుకొనిపోనిచో రుసుము పడుననియో, సొమ్ము జప్తగుననియో వ్రాసియుండును. అడ్డు తనవలన కలుగలేదని ఆనాడే కాగితముమీద పెట్టినవానికి, ఆలస్యము ఎవరి దోషమున కలిగెనో ఆ నష్టము వారిదే యను సరకుల విక్రయ చట్టము 26వ సెక్షను అక్కరకు వచ్చును. పట్టికలోని యంత్రముల సంఖ్యలు, మోటార్లు, విడిభాగములు ఉన్నవో లేవో కిటికీలోనుండియైనను చూచి వ్రాసికొనవలెను, ఏలనన తాళము వెనుక మొట్టమొదట మాయమగునది రాగి తీగ చుట్టిన మోటారే.

పని ఆగి నష్టము పెరుగుచున్నప్పుడు, అడిగిన సొమ్మిచ్చి సామాను విడిపించుకొనుటయు నొక మార్గము. అట్లు ఇచ్చునపుడు అభ్యంతరము తెలుపుచు, రసీదుమీద ఆ మాట వ్రాయించి యీయవలెను. ఒప్పందముల చట్టము 72వ సెక్షను, నిర్బంధమువలన చెల్లించిన సొమ్ము తిరిగి ఇచ్చివేయవలెనని చెప్పుచు, ఇచ్చిన ఉదాహరణము మన కథకు తోబుట్టువు: రైల్వే కంపెనీవారు అక్రమమైన రుసుము చెల్లించిననే గాని సరకు విడువమనగా, గత్యంతరములేక చెల్లించినవాడు ఆ అక్రమపు భాగమును తిరిగి రాబట్టుకొనవచ్చును. ఏ దారియు కుదరనిచో, 1963 నాటి నిర్దిష్ట ఉపశమన చట్టము 7వ సెక్షను క్రింద ఆ యంత్రములనే ఇప్పింపుమని దావా వేసి, అవి చెడకుండను తరలిపోకుండను మధ్యంతర ఉత్తరువును, జాబితా వ్రాయుటకు అడ్వొకేటు కమిషనరును కోరవచ్చును. దావాకు గడువు మూడేండ్లు. బ్యాంకు చర్యనే ప్రశ్నింపదలచినచో సివిలు కోర్టు తలుపు మూసియుండును. దానికి ఋణ వసూలు ట్రిబ్యునలు వేరుగ నున్నది, హైదరాబాదులోను విశాఖపట్టణములోను.

బ్యాంకుల అధీకృత అధికారులకు నాదొక మనవి. మీ వేలపు ప్రకటనలలో యంత్రము పేరు, తయారైన సంవత్సరము, కనీసపు ధర, ధరావతు సొమ్ము అన్నియు అచ్చువేయుచున్నారు. ఆ ప్రక్కనే ఇంకొక్క పంక్తి చేర్చుడు: ఈ సామాను ఎవరి ఆవరణములో నున్నది, తరలించుటకు ఆ యజమాని వ్రాతపూర్వకముగా ఒప్పుకొనెనా, ఆ చోటి అద్దె ఎవరు, ఏ తేదీవరకు చెల్లింతురు. ఆ పంక్తి లేని ప్రకటనను చూచినప్పుడు, పాటకు ధరావతు కట్టకముందే శాఖకు పోయి ఆ మూడు ప్రశ్నలును అడిగి, జవాబు కాగితముమీద తీసికొనుడని కొనువారికి చెప్పుచున్నాను.